పొగమ్మ చేప, అల్లుడి లేబుల్

పొద్దున ఏడు కాకముందే పొగమ్మ గులాబీ ఉప్పును రెండుసార్లు తూచింది. మొదటిసారి చేప కోసం, రెండోసారి అల్లుడి కోసం. అల్లుడు ఎదురుగా నిలబడి, తూకం మీది అంకెను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

పొగమ్మ అన్న పేరు వీధివాళ్లు పెట్టింది. ఇంటి వెనక ఇటుకల గదిలో ఆమె ముప్ఫై ఒక్క ఏళ్లుగా చేపలకు పొగ పెడుతోంది. రంపపు పొట్టు రాజేసి, మంట లేవనీయకుండా కాపలా కాయడమే పని. బస్సులో ఆమె పక్కసీటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. అదేదో తనకిచ్చే గౌరవమని ఆమె నమ్మకం.

ఆ గులాబీ ఉప్పులో నైట్రైట్ ఉంటుంది. గాలి తీసేసిన ప్యాకెట్లో విషం పుట్టించే క్రిమి పెరగకుండా అది కాస్తుంది. మామూలు ఉప్పని పొరబడకూడదనే దానికి రంగు. పొగమ్మ ఆ డబ్బాకు తాళం వేసి ఉంచుతుంది.

అల్లుడు లెక్కల మాస్టారు. ఏ పొట్లం వెనకైనా సన్నక్షరాలు కనబడితే చదవకుండా ఉండలేడు. ఆయన బిస్కెట్ నోట్లో పెట్టుకునేలోపు టీ చల్లారిపోతుంది. భార్యకు ఇప్పుడు అయిదో నెల. ఏదీ సహించడం లేదు, పొగచేప ఒక్కటే లోపలికి పోతోంది. నెల క్రితం ఆయన నైట్రైట్ గురించి ఎక్కడో చదివి, అత్తగారి చేప గడప దాటి రావడానికి వీల్లేదన్నాడు. బదులుగా పెద్ద దుకాణం నుంచి, ‘నిల్వ రసాయనాలు లేవు’ అని ఆకుపచ్చ అక్షరాలతో రాసి ఉన్న పొగచేప తెచ్చి, రోజుకు రెండు ముక్కలు తనే వడ్డిస్తున్నాడు.

“ఇది నా కడుపులో ఉన్నప్పుడు నేనూ ఈ చేపే తిన్నాను. ఏమైంది? బంగారంలా పుట్టింది. చూసే కదా బాబూ చేసుకున్నారు?” అంది పొగమ్మ.

“అది అదృష్టం అత్తయ్యా, లెక్క కాదు.”

“మీరిద్దరూ తేల్చుకునేలోపు నా కాన్పు అయిపోతుంది,” అంది కూతురు.

ఆ రోజు తనిఖీకి ఆహార శాఖ అధికారిణి వస్తోంది. ఆవిడ చేత అత్తగారికి చెప్పించాలనే మాస్టారు బడికి సెలవు పెట్టాడు. అధికారిణి వచ్చింది, తూకం చూసింది, రిజిస్టరు చూసింది. మాస్టారి ప్రశ్నలన్నీ ఓపిగ్గా విన్నది.

“ఉప్పు సరిగ్గానే వేస్తున్నారు. ఎప్పుడో ఒకసారి తినేవాళ్లు దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. రోజూ తినడం మాత్రం వద్దు. ఆ మాట పొగకీ వర్తిస్తుంది, మామూలు ఉప్పుకీ వర్తిస్తుంది. బీపీ ఉన్నవాళ్లయితే ముందు భయపడాల్సింది మామూలు ఉప్పుకే.”

పొగమ్మ అల్లుడి వంక చూసింది. మీసం ఉంటే మెలేసేదే.

“ఇంతకీ అమ్మాయి ఎలా తింటోంది? వేడి చేసుకునేనా?” అని అడిగింది అధికారిణి.

“పొగ పెట్టినదాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టడమేంటమ్మా? చేపకే అవమానం!” అంది పొగమ్మ.

“ఆ పొగగదిలో మీరు కూర్చుంటారా?”

“రోజూ. అక్కడే టీ తాగుతా. వెచ్చగా ఉంటుంది.”

“మీరు ఉడకలేదు కదా పెద్దమ్మా. మరి చేపెలా ఉడుకుతుంది?”

పొగమ్మ తన చేతులు అటూఇటూ తిప్పి చూసుకుంది.

అధికారిణి విడమర్చి చెప్పింది. ఫ్రిజ్ చలిలో కూడా మెల్లగా పెరిగే క్రిమి ఒకటుంది. గులాబీ ఉప్పు దాన్ని పూర్తిగా ఆపలేదు. మామూలు మనుషులకు చాలావరకు పొట్ట బాధతో పోతుంది. గర్భిణికి సోకితే మాత్రం కడుపులో బిడ్డ దాకా వెళ్లొచ్చు.

మాస్టారి గొంతు తగ్గిపోయింది. “నేను తెచ్చేది రసాయనాలు లేనిదండీ.”

“చల్లగానే పెడుతున్నారా?”

“ఫ్రిజ్‌లోంచి నేరుగా. కానీ లేబుల్ మొత్తం చదివానండీ, అందులో భయపడాల్సిందేమీ లేదు.”

“క్రిమి పేరు పదార్థాల జాబితాలో రాయరు సార్.”

ఆవిడ కూతురి వైపు తిరిగింది. జ్వరం గానీ, ఒళ్లు నొప్పులు గానీ వచ్చాయా అని అడిగింది. రాలేదంది కూతురు. “వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. చల్లటి పొగచేప తిన్నానని చెప్పండి. మనసాగకపోతే వారానికోసారి, లోపలిదాకా ఆవిర్లు వచ్చేలా వేడి చేసుకుని తినండి.” ఎన్ని డిగ్రీలు రావాలో మాస్టారు అడిగి రాసుకున్నాడు.

మధ్యాహ్నం పొగమ్మ తన చేపను జీవితంలో మొదటిసారి పెనం మీద వేసింది. ఆకుపచ్చ అక్షరాల ప్యాకెట్టును మాస్టారు అప్పటికే చెత్తబుట్టలో పడేశాడు. వంట థర్మామీటరు ముల్లు ముక్క నడుమ గుచ్చి, వంగి చూస్తున్నాడు. కూతురు పళ్లెం ముందేసుకుని కూర్చుంది.

“అరవై రెండు అత్తయ్యా.”

“ముక్క ఎండిపోతోంది బాబూ.”

“ఎండనివ్వండి.”

“ఎంత దాకా రావాలన్నారావిడ?”

“డెబ్బై నాలుగు.”

“ఇప్పుడెంత?” అంది కూతురు.

“డెబ్బై ఒకటి.”