ఊపిరి వదలమన్న హవల్దారు

మొన్న ప్రొద్దుటూరులో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ముందు నిలబడితే నూనె వాసన ముక్కుకు తగిలి అరచేతులు చెమర్చాయి. ఇన్నేళ్లయినా ఆ వాసనకు నాకు తుపాకీ గుర్తొస్తుంది, తుపాకీతోపాటు ఓబులేసు హవల్దారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జమ్మలమడుగు దగ్గర కాలేజీ విద్యార్థులకు ఎన్.సి.సి. శిబిరం పెట్టారు. మాకు తుపాకీ నేర్పడానికి వచ్చిన ఓబులేసు వేముల అనే ఊరి రైతుబిడ్డ, సైన్యంలో పనిచేస్తున్నవాడు. ఎండలో పరుగులు, కంచె కింద పాకడం ఎలాగో ఓర్చుకున్నాను. కాల్పుల దగ్గరే ఓడిపోయాను. పక్కవాడి తుపాకీ పేలగానే చూపు మసకబారేది, వేళ్లు కొయ్యబారేవి. రెండు రోజుల్లో ఒక్క గుండూ గురి అట్టకు తగల్లేదు. "రేపు కూడా ఇంతే అయితే ఇంటికి పంపేస్తాం" అన్నారు శిబిరం అధికారి. మాది వ్యాపారాల ఊరు ప్రొద్దుటూరు; శిబిరానికి వచ్చిన పులివెందుల పిల్లలు ఊరుకుంటారా! "ప్రొద్దుటూరోనికి తక్కెడ ఇయ్యండి సార్, అదైతే వణక్కుండా పట్టుకుంటాడు" అని నవ్వారు.

ఆ సాయంత్రం హవల్దారు నన్నొక్కణ్ణే పెన్న ఏటి ఇసుకలోకి తీసుకుపోయి, ఖాళీ తుపాకీ ఇచ్చి బోర్లా పడుకోమన్నాడు.

"వణుకు యాడుందప్పా?"

"వణుకు లేదు సార్."

"మోచేతుల కింద ఇసుక కదుల్తాంది చూడు. ఊపిరి ఏం చేసినావు?"

బిగబట్టానని చెప్పాను. మా వీధి ధాన్యం మండీలో హమాలీలు బస్తా ఎత్తేముందు అలాగే చేస్తారు. బలమంటే అదేననుకునేవాణ్ణి. ఆయన పగలబడి నవ్వాడు.

"ఇది జొన్నల మూట కాదప్పా! మూటెత్తేవాడు బిగబడ్తాడు, కాల్చేవాడు వదుల్తాడు. సగం వదిలినాక చిన్న నిలకడ దొరుకుతాది. ఆడ నొక్కు."

"మీకు భయం వేయలేదా సార్?"

"శానా ఏసింది. మొదటిసారి నిక్కరు తడుపుకున్న్యా. భయం పోయినాక కాల్చాలనుకొని ఉంటే ఇంకా ఆడ్నే ఉందును. దాన్నీ పక్కన పండబెట్టుకొని కాల్చల్ల."

తెల్లవారి నా వంతు వచ్చింది, ఐదు గుండ్లు ఇచ్చారు. పక్కవాడి తుపాకీ పేలింది, మళ్లీ అదే భయం. 'వచ్చినావా, పండుకో' అనుకున్నాను. తొందరపడి నొక్కిన మొదటి గుండు ఎటో పోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఊపిరి తీశాను, సగం వదిలాను. చూపు తేటపడింది. నొక్కాను. మిగిలిన నాలుగూ అట్టను చీల్చుకుని పోయాయి. ముందురోజు నవ్విన పులివెందుల పిల్లలే నన్ను భుజాల మీదికి ఎత్తుకుని కేకలు పెట్టారు.

"మొదటిది యాడికి పాయె?" అన్నాడు హవల్దారు.

"అట్ట వెనక కొండకు తగిలింది సార్."

"పోనీలే, కొండనన్నా కొట్టినావు!"

తర్వాత పత్రికలో చేరాను. గొడవల మధ్య నోటుబుక్కు తెరిచినప్పుడు, అచ్చుకు వేళ మించిపోతున్నప్పుడు నా చేతులు వణికేవి. ఇప్పటికీ వణుకుతాయి. వణకనిస్తాను. సగం ఊపిరి వదిలి, మొదటి వాక్యం రాస్తాను.