నాకు పెళ్లి చేసిన ఫారం

చెన్నై జార్జి టౌన్ కొట్టులో ఎనిమిదేళ్ల లెక్కల పని మానేసి, వచ్చే నెల మైలాపూరులో ఒక ఆఫీసులో చేరుతున్నాను. ఈ రోజు హెడ్ క్లర్కు నాయుడన్న నా పీఎఫ్ ఫారం తానే నింపి సంతకానికి ఇచ్చాడు. డబ్బంతా తీసేసుకోవడానికి కారణం వివాహమట. నాకు నలభై రెండేళ్లు, పెళ్లి ఊసే లేదు.

“మానుకునే ఆడోళ్లకంతా ఇట్నే రాస్తామమ్మా. డబ్బు సీక్రం వస్తుంది.”

“నాకొద్దన్నా. పీఎఫ్ కొత్త ఆఫీసుకు మార్చే ఫారం ఇయ్యండి. డబ్బంతా తీసేస్తే ఈ సర్వీసు పోయి నా పెన్షన్ తగ్గిపోతుంది.”

“నీకు పెన్షన్ ఎందుకుమా? ముసలితనంలో చూసుకునేదానికి ఎవురూ లేరా?”

“ఉండారన్నా. నేనే ఉండాను.”

కొత్త ఫారం చేతికొచ్చేదాకా నేను ఆయన బల్ల ముందు నుంచి కదల్లేదు. మీ ఫారంలో కారణం ఎవరు రాశారో మీరూ ఓసారి చూసుకోండి.