గోడ లేని ఊరు

ఎంకటి ఇంట్లో జొన్నలు ఉన్నాయి. ఊళ్లో గిర్ని ఉంది. అయినా పిండి కోసం అతను బస్సెక్కి ఆర్మూర్ పోవాలి.

ఊరి కమిటీ అతని వాకిలికి అడ్డంగా గోడ లేపింది. అతను ఠాణాకు పోయి చెప్పాడు. తప్పు అదొక్కటే. "ఊరి ముచ్చట ఊర్ల తెంపుకోక పోలీసోళ్ల దాక తీస్కపోతవా?" అన్నారు. మర్నాడు డప్పు కొట్టించారు. ఎంకటి ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు. ఏదీ అమ్మకూడదు, కొనకూడదు. పలకరించినవాడికి జుర్మానా. గిర్నివాడు ఆ సాయంత్రమే, పట్టమని ఇచ్చిన జొన్నల సంచిని పట్టకుండానే తెచ్చి గడప బయట పెట్టి, తల ఎత్తకుండా వెళ్లిపోయాడు.

అది రెండు వేల ఎనిమిది, పసుపు తవ్వే కాలం. పదకొండేళ్లుగా ఎంకటీ, పక్కింటి గంగారాం కలిసి ఊరి పసుపంతా ఉడకబెట్టేవారు. ఆ ఏడు గంగారాం ఇంకొకణ్ని తోడు తెచ్చుకున్నాడు. కొమ్ములు ఉడుకుతున్న వాసన ఎంకటి ఇంట్లోకి వచ్చేది. వాసనకు జుర్మానా లేదు.

ఆర్మూర్‌లో గిర్ని పక్కనే బాబురావు నెట్ సెంటర్. కలెక్టరుకు అర్జీ టైపు చేయించడానికి ఎంకటి మొదటిసారి అక్కడికి పోయాడు. అర్జీకి జవాబు రాలేదు. పిండి పట్టేదాకా కూర్చోవడానికి మాత్రం ఒక కుర్చీ దొరికింది.

ఊరికే కూర్చున్నవాణ్ని చూడలేక బాబురావు ఒకరోజు కంప్యూటర్లో, ఎక్కడెక్కడివాళ్లో నెట్‌లో కలిసి ఆడే ఒక ఆట తెరిచి ఇచ్చాడు. పచ్చటి నేల, నాలుగు గుడిసెలు, చుట్టూ చేలు.

"గిది నీ ఊరే అనుకో. పటేలువు నువ్వే. గోధుమలు పండియ్యి, సిపాయిలను పెట్టుకో. ముందుగాల ఊరి సుట్టు గోడ కట్టు."

"గోడొద్దు."

"గోడ లేకుంటె దోసుకపోతరు కదనే!"

"పోనీ."

బాబురావు నవ్వాడు. వారంలోపే ఎవరెవరో వచ్చి ఎంకటి గోధుమలన్నీ ఎత్తుకుపోయారు. ఆ ఆటలో గోడ లేని ఊరు అదొక్కటే.

దోపిడీ జరిగిన మర్నాడు కడప నుంచి ఒకాయన వెయ్యి గోధుమలు పంపాడు. జిరాక్స్ దుకాణం నడుపుతాడట. ఆటలో ఆయన పేరు పెన్నేరు. గోధుమల వెంట ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు ముక్క వచ్చింది.

"తిన్న్యావా అబ్బీ?"

ఎంకటి దాన్ని కూడబలుక్కుని చదివాడు. మళ్లీ చదివాడు. ఇంటివాళ్లు కాకుండా ఒక మనిషి అతన్ని ఆ మాట అడిగి మూడు నెలలైంది.

ఆయనే ఎంకటిని తన కూటమిలో చేర్పించాడు. ముప్పై మంది తెలుగువాళ్లు. ఒకరి మీదికి ఎవరైనా వస్తే అందరూ సాయం పంపాలి. ఎంకటి నెట్ సెంటర్‌కు పోయినప్పుడల్లా వాళ్లలో ఎవరో ఒకరు పలకరించేవారు. పిండి సంచితో ఇల్లు చేరగానే భార్య కావేరి అడిగేది, "ఇయ్యాల ఎవలన్న మాట్లాడిండ్రా?" అతను పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆమె రొట్టె కొట్టడం ఆపి వినేది. కంప్యూటర్ ఎలా ఉంటుందో ఆమె చూడలేదు. కడపాయన గొంతు మాత్రం తనకు తెలిసినట్టే ఉండేది.

ఒక మంగళవారం కడపాయన రాశాడు. "అమ్మ ఆసుపత్రిలో ఉండాది. నాలుగు దినాలు రాను. ఎవురికీ చెప్పలే, నీకే చెప్తాండా."

శుక్రవారం ఎంకటి పోయేసరికి కూటమి మండిపోతోంది. మధ్యలో యుద్ధం వచ్చింది. అందరూ గోధుమలు పంపారు. కడపాయన పంపలేదు. కూటమి పెద్ద నోటీసు పెట్టాడు: పెన్నేరును వెలివేస్తున్నాం. ఎవరూ అతనికి గింజ పంపకూడదు, మాట రాయకూడదు. అందరూ ఓటు వేయాలి. వేయనివాళ్లు కూడా అతనితో పాటే బయటికి.

కింద ఇరవై ఏడు ఓట్లు. అన్నీ ఔననే.

ఎంకటికి ఒక్కడికే సంగతి తెలుసు. ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. 'వాళ్లమ్మకు బాగలేదు.' అతను మొదటి అక్షరం కొట్టాడు. ఆగాడు. నమ్మకపోతే? వత్తాసు పలుకుతున్నాడంటే? రేపటి నుంచి పిండి పట్టేదాకా ఈ కుర్చీలో ఉత్తినే కూర్చోవాలి. కావేరికి చెప్పడానికి ఏమీ ఉండదు.

"జల్ది కానియ్యి ఎంకటీ, కరెంటు వొయ్యే టైమైంది" అన్నాడు బాబురావు. "కీబోర్డంత పిండి పిండి చేసినవ్. దీనిమీద రొట్టెలు చేస్కోవాల్నా ఏంది?"

కొట్టిన అక్షరాన్ని ఎంకటి చెరిపేశాడు. ఔను మీద నొక్కాడు.

ఇరవై ఎనిమిది.

కాసేపటికి తెర మూలన చిన్న ఉత్తరం బొమ్మ వెలిగింది. కడపాయన తిరిగి వచ్చాడు. నోటీసు చూశాడో లేదో తెలియదు.

"తిన్న్యావా అబ్బీ?"

ఎంకటి చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. కరెంటు పోయేదాకా అలాగే ఉన్నాయి.

బస్సులో రెండు సీట్ల ముందు గంగారాం కూర్చున్నాడు. ఎంకటిని చూసి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నాలుగు నెలలుగా ఆ మెడ వెనుక భాగాన్ని చూస్తూ ఎంకటి లోలోపల ఒకటే మాట అడిగేవాడు: 'పదకొండేండ్లు ఒక్క కడాయి కాడ నిలబడ్డం గదరా, నీ నోరెట్ల మూతబడ్డది?' ఆ కోపం మీదే ఊరు చేరేవాడు. ఇవాళ ఆ మాట లోపలి నుంచి రాలేదు. వెతుక్కున్నాడు. దొరకలేదు. గంగారాం మెడ మీద చెమట, అంటుకున్న పసుపు కనిపించాయి. అంతే.

ఇంటి ముందు గోడ నీడ అరుగు దాకా వచ్చింది. కావేరి సంచి అందుకుంది.

"కడపాయన కలిసిండా? వాళ్లమ్మకు ఎట్లున్నదట?"

"అడగలె."

ఆమె అతని మొహంలోకి చూసింది.

"అయ్యో, అడుగుతె ఏమైతుండె?"

ఎంకటి ఆమె చేతిలోంచి సంచి తీసుకుని, మూతి విప్పి, డబ్బాలో పిండి పోయడం మొదలుపెట్టాడు.