పాత కోర్టులో సాక్షి బోను

మా ఊరు నాదెండ్ల దగ్గర. వాయిదా ఉన్న రోజున మా అమ్మా, మా బాబాయీ ఒకే బస్సులో నరసరావుపేట కోర్టుకు వెళ్ళేవాళ్ళు. వాదీ ప్రతివాదీ ఒకే బస్సెక్కడం మా వైపు వింతేమీ కాదు, పొద్దున వేళకు పేట చేరేది ఆ బస్సొక్కటే మరి. అమ్మ ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చునేది, బాబాయి వెనక చివరి సీట్లో. దిగాక ఆమెదొక టీకొట్టు, ఆయనదొక టీకొట్టు. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయి ఏళ్ళు గడిచాయి.

గొడవంతా ఒక బండి బాట గురించి. అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు బాబాయి వాటా లోపలికి పడింది. ఆయన బండి మా చేలోంచే పోవాలి. ఏదో మాటా మాటా పెరిగి, నాన్న ఆ బాటకు అడ్డంగా గట్టు వేయించాడు. బాబాయి ఊళ్ళోవాళ్ళ చేల మీదుగా చుట్టూ తిప్పి బండి తోలుకుంటూ, దావా వేశాడు. ఆ తరవాత కొన్నాళ్ళకు నాన్న పోయాడు గానీ దావా పోలేదు, అమ్మ మీదికి వచ్చింది. "నా కంఠంలో ప్రాణం ఉండగా గట్టు తీయను" అని నాన్న అన్నాడు. ప్రాణం పోయినా అమ్మ దాన్ని తీయనివ్వలేదు. ఆ మాట నేనంటే రెండు రోజులు నాతో పలికేది కాదు.

మొన్న మిరపకోతలు మొదలయ్యే ముందు జడ్జిగారు రాజీకి రమ్మన్నారు. చేను అంచున బండి పట్టేంత దారి వదిలితే చాలు, కేసు ముగిసిపోతుంది. ఒప్పుకుంటుందో లేదో అమ్మ తరవాతి వాయిదాకు చెప్పెయ్యాలి. బాట ఇస్తే మొగుడి మాట తీసేసినట్టు, ఇవ్వకపోతే మరిదితో పగ ఇంకో తరానికి అప్పజెప్పినట్టు. ఆ రోజు నేనూ గుంటూరు నుంచి సెలవు పెట్టుకుని వచ్చాను. నేను బడిలో సోషల్ చెబుతాను.

మా కేసు మధ్యాహ్నం భోజనాల తరవాత గానీ పిలవరని వకీలు ఫోన్ చేశాడు. అప్పటిదాకా టీకొట్టు బల్ల మీద కూర్చోవడం నా వల్ల కాదు. "రామ్మా, దొరల కాలం నాటి కట్టడాలు చూసొద్దాం" అన్నాను.

"చూసేదేందే అక్కడ. నాకు తెలీని కచేరీలా" అంటూనే చెప్పులేసుకుంది.

పేటలో ఆ భాగాన్ని ఎవరూ వింతగా చూడరు. గోడలకు ఆనుకుని జిరాక్స్ షాపులు, గొడుగుల కింద టైపు మిషన్లు, స్టాంపు పేపర్ల వాళ్ళు, పునుగుల బండి. అందరూ పని మీద వచ్చి పని మీద పోయేవాళ్ళే, తలెత్తి చూసేవాడు లేడు. నేనూ ఆ రోజే తలెత్తాను. ఎత్తాక దించబుద్ధి కాలేదు.

పునుగుల పొగ వెనక వరసగా కమానులు. ఒక్కో స్తంభాన్ని ఇద్దరం చేతులు చాచి పట్టుకున్నా అందదు. పైన గానుగ సున్నం పూత ఊడిపోయిన చోట కూడా మిగిలిన అంచు కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉంది. వేలితో తట్టాను, రాయిని తట్టినట్టే ఉంది. మా అపార్ట్‌మెంటుకు వేసిన రంగు రెండో వానకే పొక్కులు లేచింది. నాకు నిజంగా సిగ్గేసింది.

పాత సబ్‌జైలు గోడ దగ్గర పూత పెద్ద పెచ్చుగా రాలి, ఇటుకలు బయటపడ్డాయి. ఒక ఇటుక మీద నాలుగు వేళ్ళు ఈడ్చిన గుర్తులున్నాయి. పచ్చి ఇటుకను అచ్చులోంచి తీసేటప్పుడు ఎవరి చెయ్యో తగిలి ఉంటుంది. చిన్న చెయ్యి, ఆడమనిషిది అనుకుంటా. ఈ గోడలు కట్టించింది చూడగానే మనం బెదిరిపోవాలని. కట్టించిన దొర ఎవరో ఈ పేటలో ఎవరికీ గుర్తు లేదు. ఆ చెయ్యి మాత్రం ఇంకా అక్కడే ఉంది. నా వేళ్ళు అందులో పెట్టి చూసుకున్నాను. అమ్మ కూడా పెట్టి చూసింది. ఆమె వేళ్ళకు సరిగ్గా సరిపోయింది.

"ఈ ఇటిక కోసినామె ఏం తిన్నదో ఏందో ఆ పూట" అంది. నాకు రాని ఆలోచన అది.

అక్కణ్ణుంచి పాత కోర్టుకు వెళ్ళాం. కోర్టు కొత్త భవనంలోకి మారాక ఆ హాలు ఖాళీగా ఉంటోంది. వరండా చూడగానే అమ్మ నడక మారింది. కొంగు సర్దుకుని, చెప్పులు మెట్ల కింద విడిచి, నేరుగా మొదటి తలుపు దగ్గరికి పోయి, గడప ముట్టుకుని కళ్ళకద్దుకుంది. నాన్న ఉన్నప్పటి నుంచీ ప్రతి వాయిదాకూ ఆ దణ్ణం పెట్టాకే ఆమె వరండాలో కూర్చునేదట.

హాలు ఊడుస్తున్న ఆవిడ చీపురు ఆపి చూసింది. "అది పాత కాయితాలు పడేసే గదమ్మా. జడ్జిగారు కూర్చునేది ఇటు" అంది.

అమ్మ ఆ గడప వంకా, అవతలి తలుపు వంకా మార్చి మార్చి చూసింది. "అందుకేనేమే, ఇన్నాళ్ళూ తేల్లేదు" అంది. ముగ్గురం పగలబడి నవ్వాం.

ఊడ్చే ఆవిడ లోపలికి రమ్మంది. అడుగుపెట్టగానే మా నవ్వులు వాటంతట అవే ఆగిపోయాయి. అంత ఎత్తు కప్పు కింద నేనెప్పుడూ నిలబడలేదు. టేకు దూలాలు ఈ గోడ నుంచి ఆ గోడకు అతుకు లేకుండా పరుచుకున్నాయి. పైకిటికీల్లోంచి పడే ఎండలో దుమ్ము మెల్లగా తిరుగుతోంది. కాళ్ళ కింద నాపరాళ్ళు చల్లగా, నడిచీ నడిచీ నడిమికి కాస్త గుంటపడి ఉన్నాయి. బయట బజారంతా హారన్లు మోగుతుంటే లోపల మా ఊపిరి మాకు వినపడుతోంది. అమ్మ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళు తిరిగీ ఆమె వరండా దాటింది లేదు. నాన్న సాక్ష్యం చెప్పిన రోజున కూడా బయటే కూర్చుంది. ఆయన గొంతు వినపడింది గానీ మాటలు తెలియలేదట.

"మీ నాయన యాడ నిలబడ్డాడే?"

జడ్జిగారి ఎత్తు బల్లకు పక్కన సాక్షి బోను ఉంది. నడుమెత్తు కటకటాలు, పైన అడ్డంగా ఒక చెక్క. చూపించాను. అమ్మ దాని చుట్టూ తిరిగి, గది అవతలి వైపు చూసింది.

"మరి మీ బాబాయిది? రెండోది ఏదీ?"

ఆమె మనసులో రెండు బోనులున్నాయి. ఎదురెదురుగా. ఒకదాంట్లో నాన్న, ఒకదాంట్లో బాబాయి, కళ్ళెర్ర చేసుకుని ఒకరి మీదికొకరు. అన్నేళ్ళూ వరండాలో కూర్చుని ఆమె చూసుకున్న బొమ్మ అది.

"రెండోది లేదమ్మా. సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఇందులోకే రావాలి. బాబాయి దిగాక నాన్న ఎక్కి ఉంటాడు" అన్నాను.

అమ్మ బోనెక్కింది. ఆ పై చెక్క ఎన్ని వందల చేతులు పట్టుకుంటేనో నల్లగా, నున్నగా అరిగిపోయింది. దాని మీద రెండు చేతులూ పెట్టి చాలాసేపు నిలబడింది. ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి తనూ నిలబడిపోయింది. అంత పెద్ద హాల్లో మా అమ్మ చిన్నదిగా కనపడుతుందనుకున్నాను. కనపడలేదు. ఆ గోడల ముందు ఉదయం నుంచీ నాకు కలిగిన ఆశ్చర్యమంతా ఒక్కసారిగా ఆమె వైపు తిరిగింది.

"ఇద్దరూ ఈ చెక్కే పట్టుకున్నారన్న మాట" అంది చివరికి. దిగి వచ్చి, "పోదాం పా, వకీలు చూస్తుంటాడు" అంది.

ఏం తేల్చుకుందో దారిలో అడిగినా చెప్పే మనిషి కాదు.

కొత్త కోర్టు ఆవరణలో బాబాయి వేపచెట్టు కింద అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అమ్మ వకీలు వైపు పోలేదు, తిన్నగా ఆయన ముందుకెళ్ళింది. బాబాయి గభాలున లేచి భుజం మీద తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు.

"మిరక్కాయ కోతకొచ్చిందిగా. ఎన్నాళ్ళని చుట్టూ తిప్పి తోలతావయ్యా బండి? రేపు గట్టు తీయిస్తన్నా. దగ్గరుండి నీక్కావాల్సినంత తీయించుకో" అంది అమ్మ.

బాబాయి చేతిలో తువ్వాలును మడతలు పెడుతూ, విప్పుతూ నిలబడ్డాడు.

"అన్న ఒప్పుకుంటాడా వదినా?" అన్నాడు.

"మీ అన్నకు నేను చెప్పుకుంటాలే" అంది అమ్మ.