నర్సు చెప్పిన మాటలో ‘ఆ’

మాది శ్రీకాకుళం వైపు. పని కోసం నోయిడా వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం మా ఆయన స్నేహితుడితో కలిసి చెరువులో చేపలు పొడవడానికి వెళ్లారు. స్నేహితుడు విసిరిన ఈటె గురి తప్పి మా ఆయన తలలో దిగింది.

ఆపరేషన్ జరుగుతుంటే స్నేహితుడు రక్తం కోసం పరుగెత్తాడు. ఆసుపత్రి వరండాలో నేనొక్కదాన్నే మిగిలాను. చుట్టూ ఎవరేం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు.

సాయంత్రం నర్సు వచ్చి, “దీదీ, హోశ్ ఆ గయా!” అంది.

కుళాయి నీళ్లు ఆగిపోయినా, కూరగాయల బండి వెళ్లిపోయినా నోయిడాలో మా వీధివాళ్లు ‘గయా’ అనేవారు. నాకు తెలిసిన హిందీ అంతే. ఆయన పోయారనుకుని నేలమీద కూలబడి ఏడ్చాను. ఓదార్చడానికి వచ్చిన వాళ్లకూ నా భాష రాదు.

నర్సు కంగారుపడి నన్ను లోపలికి లాక్కెళ్లింది. తలంతా కట్లతో మా ఆయన కళ్లు తెరిచి చూస్తున్నారు.

“ఏటే ఆ ఏడుపు? చేప పోనాదేటి?” అన్నారు.

‘ఆ గయా’ అంటే వచ్చిందని, ఆయనకు స్పృహ వచ్చిందని తరవాత తెలిసింది. ఈమధ్యే దగ్గర్లోని మయూర్ విహార్‌లో ఒక ఆంటీ దగ్గర హిందీ అక్షరాలు నేర్చుకున్నాను. ‘ఆ’ రాసినప్పుడల్లా ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. ఆ ఒక్క అక్షరం చెవిన పడక, ఆయన బతికుండగానే నేను కాసేపు ఎవరూ లేనిదాన్నయ్యాను.