తిమ్మక్క కడుపులో పచ్చజొన్నలు

దయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే నేను అడిగే మొదటి మాట ఒక్కటే. ఆ పూట ఏం తిన్నావు? నవ్వులాటకు అడగను. కంపౌండరుగా నా బతుకంతా కడుపునొప్పుల మధ్యే గడిచింది. అజీర్తి చేసినవాడికి కనిపించినన్ని దయ్యాలు కాటికాపరికి కూడా కనిపించవు. మా తెలకపల్లిలో మా మేనత్త చింతచెట్టు మీద తెల్లచీరను చూసి జ్వరం తెచ్చుకుంది. ఆ పూట ఆమె ఎన్ని బొబ్బర్ల గారెలు తిన్నదో ఊరంతా మరిచిపోయింది. నేను మరిచిపోలేదు.

దయ్యాల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ ఉందని చెప్పలేను. అయినా ఈ సంగతి చెప్పకుండా పోవడం ఇష్టం లేక చెబుతున్నాను.

రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. వనపర్తి ఊరి చివర ఒక చిన్న ధర్మ దవాఖానలో నేను పనిచేస్తున్నాను. మా డాక్టరు గారు జర్మనీలో చదువుకుని, వచ్చేటప్పుడు ఒక గొట్టం తెచ్చుకున్నారు. రెండు మూరలకు కొంచెం తక్కువ. పైసగం వంగకుండా, కింది సగం కాస్త వంగేలా ఉండేది. లోపల వరసగా అద్దాలు, కొసన కందిగింజంత బల్బు. నోట్లోంచి కడుపులోకి దింపి బ్యాటరీ కలిపితే, బతికున్న మనిషి కడుపు లోపల ఎలా ఉందో కంటికి కనిపించేది.

గద్వాల, నాగర్‌కర్నూలు పల్లెల నుంచి కూడా కడుపునొప్పి వాళ్లు వచ్చేవారు. డాక్టరు గారు ఒకసారి చూసి వదిలేసే రకం కాదు. మందు ఇవ్వకముందు చూసేవారు, ఇచ్చాక నెలకు మళ్లీ పిలిపించి చూసేవారు. లోపల ఫోటో తీసే వీలు లేదు కాబట్టి రిజిస్టరులో గుండ్రాలు గీసి, కనిపించింది కనిపించినట్టు రంగు పెన్సిళ్లతో నింపేవారు. రోగి చెప్పే నొప్పికీ లోపల కనిపించే పుండుకూ ఏం పొత్తు ఉందన్నది ఆయన పరిశోధన. కంటితో చూడనిది ఒక్క ముక్క కూడా అందులో రాయనిచ్చేవారు కాదు.

నాకు రెండు పనులు. గొట్టం దింపేటప్పుడు రోగి తల వెనక్కి వంచి కదలకుండా పట్టుకోవడం ఒకటి. అంతకుముందు రోగి ఏమీ తినకుండా కాపలా కాయడం రెండోది. ఖాళీ కడుపు కాకపోతే ఏమీ కనిపించదు, పైగా ప్రాణానికి ప్రమాదం. కాపలాలో నేను పోలీసు జవానులకంటే మొండివాణ్ణని పేరు. ఆ పేరంటే నాకు గర్వం కూడా.

తిమ్మక్క గద్వాల అవతల గట్టు అనే ఊరి దగ్గరి పల్లె నుంచి వచ్చింది. కూలి పని చేసే మనిషి, నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. భర్త హనుమంతు ఆమెను బండి మీద గద్వాలకు తెచ్చి, రైల్లో కృష్ణ దాటించి, వనపర్తి రోడ్డు స్టేషనులో దింపి, అక్కడినుంచి మళ్లీ బండి కట్టించుకుని తెచ్చాడు. తిన్నదంతా సాయంత్రానికి కక్కేస్తోంది. మోకాళ్లు, మోచేతులు తప్ప ఆమెలో ఏమీ మిగల్లేదు.

హైదరాబాదులో ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు ఒకాయన ఉన్నారు. లోపల ఉన్నది పుండైతే పంపండి, చెడ్డ గడ్డయితే పంపొద్దు, కోసినా లాభం లేదని ఆయన షరతు. ఏదో తేలాలంటే గొట్టంతో చూడాలి. యుద్ధం వల్ల జర్మనీ నుంచి బల్బులు రావడం ఆగిపోయింది. మా దగ్గర రెండే మిగిలాయి.

మొదటిసారి గొట్టం దింపితే లోపలంతా మసకగా తిండి కనిపించింది. కడుపు కింది దారి మూసుకుపోయిన వాళ్లలో మూడు నాలుగు రోజుల కిందటి తిండి కూడా అలాగే ఉంటుందని డాక్టరు గారు చెప్పారు. నేనూ అదే అనుకున్నాను.

రెండోసారి గట్టి ఏర్పాటు చేశాం. రెండు రోజులు ఆమెకు వడగట్టిన గంజినీళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. మూడోరోజు పొద్దున పదింటికి రబ్బరు గొట్టం, గాజు గరాటు పెట్టి కడుపు కడిగాం. నీళ్లు తాగేంత తేటగా వచ్చేదాకా కడిగాం. తర్వాత నోరు ఎండి మగత కమ్మే సూది వేశాం. ఆమె పడుకుంది. నేను గుమ్మంలో స్టూలు వేసుకుని మూడింటి దాకా కూర్చున్నాను. ఎవరూ లోపలికి రాలేదు.

మూడింటికి మళ్లీ అదే మసక. రబ్బరు గొట్టంతో లాగితే పళ్లెంలోకి పచ్చజొన్నలు వచ్చాయి. మా వైపు ఊసబియ్యం అంటాం. పాలకంకుల్ని నిప్పుల మీద కాల్చి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదేసి తింటాం. సగం నమిలిన గింజలు, ఇంకా పచ్చగానే ఉన్నాయి. కాలిన వాసన కూడా పోలేదు. ఆ గందరగోళంలో బల్బు మాడిపోయింది.

అప్పుడు ఎండాకాలం నడుమన ఉన్నాం. గట్టు నుంచి అమ్రాబాద్ అడవి దాకా వెతికినా పచ్చకంకి దొరకని రోజులు. నేను సంతకు పోయి, బావుల కింద సేద్యం చేసేవాళ్లను కూడా అడిగాను. ఎండదెబ్బ తగిలిందా అని నవ్వారు.

డాక్టరు గారు నవ్వలేదు. నన్ను గదిలోకి పిలిచి తలుపేశారు.

"జాలిపడి పెట్టావా, నిద్రపోయావా? రెండింటిలో ఏదో ఒకటి చెప్పు."

రెండూ కాదన్నాను. ఆయన నమ్మలేదు. ఇంకొక్క బల్బే ఉంది, ఈసారీ ఇలాగే అయితే ఆమెను ఇంటికి పంపించేస్తాను, నువ్వూ వేరే పని చూసుకో అన్నారు. నాకు ఏడుపొచ్చింది. హనుమంతును అడిగితే అతను గద్వాల జమ్ములమ్మ తల్లి మీద ఒట్టేసి, దవాఖాన గడప కూడా తొక్కలేదని చెప్పాడు. ఇంక మిగిలింది తిమ్మక్క. కోపంతోనే పోయి ఆమె మంచం పక్కన కూర్చున్నాను.

ఆమె దాచలేదు. సూది వేశాక కళ్లు మూతపడగానే తన తల్లి వస్తుందని చెప్పింది. తల్లి ఏనాడో కరువు ఏడాదిలో పోయింది. తన వంతు కూడా బిడ్డకే పెట్టి, ఆకలికి పోయింది.

"పిడికిట్ల ఊసబియ్యం తెస్తది సారూ. అవి తింటే నొస్తలేదు. వేరేటివి ఏం తిన్నా నొస్తది."

చచ్చినవాళ్లు కలలో పెడితే తినకూడదని మా అమ్మ కూడా చెప్పేది. నేను ఎన్నడూ చెవిన పెట్టలేదు. అలాంటివాణ్ణి ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని, ఈసారి మీ అమ్మ వస్తే వద్దని చెప్పక్కా అని బతిమాలాను. ఆమె ప్రాణం కోసమా, నా నౌకరీ కోసమా అంటే రెండింటికీ అనే చెప్పాలి.

తిమ్మక్క తల అడ్డంగా ఊపింది.

"కడుపు మాడ్చుకొని పెట్టిన చెయ్యి సారూ. ఎట్ల వద్దంట? ఒగవేళ అన్ననే అనుకో, అట్లనే చెయ్యి చాపుకొని నిలవడ్తది. ఎవరన్న తీసుకునేదాంక పోదు మా అమ్మ."

చివరికి సరేనంది. ఆ సరే అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో నేను చూశాను.

మూడోసారికి నేను కూడా పంతం పట్టాను. ఆమె తిననంతసేపు నేనూ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనని డాక్టరు గారి ఎదుటే చెప్పాను. ముందురోజు సాయంత్రం రొట్టె తిన్నదే ఆఖరు. పొద్దున పదింటికి మళ్లీ కడుపు కడిగాం. తేటనీళ్లు వచ్చాయి. సూది వేశాం. డాక్టరు గారు నన్నూ ఆమెనూ లోపల ఉంచి, బయట తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

ఆ గదికి ఒకటే తలుపు, ఒకటే కిటికీ. గొట్టంతో చూడటానికి చీకటి కావాలి కాబట్టి కిటికీకి నల్లగుడ్డ కట్టి ఉంది. బయట వడగాలి. గదిలో మూలన నీళ్ల కుండ, మధ్యలో బల్ల, బల్ల మీద తిమ్మక్క, తలవైపు స్టూలు మీద నేను. కడుపులో పేగులు అరుస్తున్నాయి.

పన్నెండు దాటాక ఆమె పెదాలు కదిలాయి. మూసిన కళ్ల కొసల నుంచి నీళ్లు కారాయి. కుడిచెయ్యి లేచి, ఎదురుగా ఉన్నదేదో మెల్లగా నెట్టింది. తర్వాత ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.  లేచి ఆమె నోరు చూశాను. ఖాళీగా ఉంది. మళ్లీ వచ్చి కూర్చున్నాను.

నేను నిద్రపోయానా? పోలేదని ఒట్టేసి చెప్పలేను. కుండ దగ్గర బక్కచిక్కిన ఆడమనిషి ఒకామె నిలబడి ఉంది. నడుం వంగింది, చేతులకు గాజులు లేవు. ఆమె బల్లవైపు చూడటం లేదు. పిడికిలి నావైపు చాచి ఉంది.

"నువ్వన్న తిను బిడ్డా."

నేను దోసిలి పట్టాను. ఎందుకు పట్టావని అడిగితే, మా ఇళ్లల్లో పెట్టే చేతిని కాదనడం నేర్పలేదు. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. గింజలు వెచ్చగా ఉన్నాయి. పాలతీపి, పొగవాసన. మొత్తం తిన్నాను. చాలా ఆకలి మీద ఉన్నాను.

తాళం తీసిన చప్పుడుకు ఉలిక్కిపడి లేచాను. మూడయింది.

డాక్టరు గారు లోపలికి వచ్చారు. ఆమె గొంతుకు తిమ్మిరి మందు రాసి, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు. నేను తల పట్టుకున్నాను. గట్టిగా పట్టుకో అన్నారు. గొట్టం దిగింది. ఆయన కన్ను పెట్టి చూశారు.

"ఖాళీగా ఉంది," అన్నారు. "శుభ్రంగా ఉంది."

తర్వాత ఒక్కొక్కటే చెబుతూ పోయారు. కింది దారి దగ్గర పుండు. అంచులు మెత్తగా ఉన్నాయి. చెడ్డ గడ్డ కాదు. ఆయన గొంతులో సంతోషం నాకు తెలుస్తూనే ఉంది. నేను మాత్రం తిమ్మక్క మొహమే చూస్తున్నాను. నోట్లో గొట్టం ఉండగా ఆమె కళ్లు తెరిచి, తలకిందులుగా ఉన్న నా మొహంలోకి చూసింది. నా ఊపిరి ఆమె మీద పడుతోంది. ఆమె ముక్కుపుటాలు కదిలాయి. అంత బాధలోనూ ఆమె చూపు నా మూతి మీదే నిలిచిపోయింది.

గొట్టం తీశాక డాక్టరు గారు బొమ్మ గీయడానికి కిటికీ గుడ్డ తీసి, బల్ల దగ్గరికి పోయారు. తిమ్మక్క గొంతు ఇంకా తిమ్మిరిగానే ఉంది, మాట రాదు. చెయ్యెత్తి నా మీసం మీదనుంచి ఏదో తీసి, తన అరచేతిలో పెట్టుకుని నాకు చూపించింది. జొన్న పొట్టు. ఒక అంచు నల్లగా కాలి ఉంది. ఆమె దాన్ని కొంగు కొసన ముడి వేసుకుంది.

మగత సూది వేసింది ఆమెకు. నాకెవరూ వేయలేదు.

డాక్టరు గారు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. నిన్ను అనుమానించడం నా తప్పే, నిన్నటి నుంచి తిండి లేదు, పోయి ముందు అన్నం తిను అన్నారు. రిజిస్టరులో మాత్రం, ముందు రెండుసార్లు రోగి మనుషులు దొంగచాటుగా తిండి పెట్టి ఉండాలి అని రాశారు. కంటితో చూడనిది ఆయన రాయడం నేనెరిగినంతలో అదొక్కసారే. హనుమంతు గడప తొక్కలేదని నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు.

అప్పటికి గొట్టం ఇంకా వెచ్చగానే ఉంది. బల్బు మాడలేదు. బల్ల ఖాళీ అయింది. నా కడుపులో ఏముందో చూడండని పడుకుంటే చాలు, నిజమో కాదో అక్కడికక్కడ తేలిపోయేది. దేశంలో ఏ దయ్యం కథకూ దొరకని సాక్ష్యం నాలుగడుగుల దూరంలో ఉంది. ఎన్నో కడుపుల్లోకి ఆ గొట్టం దింపడానికి తల పట్టిన నేను, నా దాకా వచ్చేసరికి భయపడ్డాను. లోపల ఏమీ లేకపోతే పిచ్చివాణ్ణని భయం. ఉంటే ఏమిటన్నది ఇంకా పెద్ద భయం. గొట్టం కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశాను.

తిమ్మక్కకు హైదరాబాదులో ఆపరేషన్ అయింది, బతికింది. చలికాలంలో హనుమంతుతో కలిసి దవాఖానకు వచ్చింది. ఒళ్లు చేసింది. నన్ను పక్కకు పిలిచి ఒకటే మాట అడిగింది.

"అమ్మ మల్ల నీకాడికన్న వచ్చిందా సారూ? నాకాడికి వస్తలేదు."

రాలేదన్నాను. ఆమె తల ఊపి, కొంగుతో కళ్లు ఒత్తుకుని వెళ్లిపోయింది. ఆమెను బతికించామన్న సంతోషం నాకుంది. ఆమెకు తల్లిని లేకుండా చేశానన్న బాధ కూడా ఉంది, అది ఇప్పటికీ పోలేదు.

ఇది కలేనని చెప్పుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. ఆ పొట్టు దగ్గర నా వాదన ఆగిపోతుంది. ఆ సాయంత్రం హోటల్లో అన్నం ముందు కూర్చుని ఒక్క ముద్ద కూడా మింగలేక లేచి వచ్చాను. మర్నాటి దాకా నాకు ఆకలి వేయలేదు. అందరినీ అడిగినట్టే నన్నూ ఎవరైనా ఆ పూట ఏం తిన్నావని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు.