వంద కిస్తీలు మిగిలే రోజు

నాచారంలో మా ఫ్లాట్ మూడో అంతస్తు. రెండు గదులు, ఒక వంటిల్లు, నాలుగు బట్టలు ఆరేసుకునేంత బాల్కనీ. దాన్ని కొనడానికి పన్నెండేళ్ల లోను తీసుకున్నాం. అప్పట్లో మేం ఉప్పల్లో అద్దెకుండేవాళ్లం. ఆ ఇంటి ముందుగదిలో లోన్ల ఏజెంటు కాగితాలు పరిచి కూర్చున్నాడు.

"ఫిక్స్‌డ్ అంటే మొదటి నుంచి ఆఖరు దాంక ఒకటే వడ్డీ అక్కా. ఫ్లోటింగ్ అంటే బయట రేటు తగ్గితే తగ్గుతది, పెరిగితే పెరుగుతది. ఇప్పటికైతే ఫ్లోటింగ్‌ల నెలకు మూడొందలు తక్కువ పడతది."

మా ఆయన, నాకు మేనబావే, గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తున్నాడు. నాకంత ఓపిక ఎక్కడిది?

"మూడొందలంటే గ్యాస్ బండ పైసలు బావా! గదే రాయించు," అన్నాను.

"నిన్ను తీస్కపోయి బ్యాంకుల కూసోబెట్టాలె పిల్లా," అని నవ్వి సంతకం పెట్టాడు. పక్కన నేనూ పెట్టాను.

కొత్తింట్లో పాలు పొంగించి నాలుగు నెలలు కాలేదు. ఆయన పనిచేసే మందుల కంపెనీ హిమాచల్‌లోని బద్దిలో కొత్త ప్లాంటు పెట్టింది. అక్కడికి వెళ్తే జీతం ఎక్కువ. ఇక్కడి జీతంలో కిస్తీ పోగా మిగిలేది మాకు చాలడం లేదు. వెళ్లే ముందు ఒక మాట ఇచ్చాడు.

"మొత్తం నూట నలభై నాలుగు కిస్తీలు. నూరు మిగిలిన్నాడు నేను రైలెక్కుత. అప్పటికి చేతిల నాలుగు పైసలుంటయి, ఇక్కడి జీతంతోనే నెట్టుకొద్దాం."

బీరువా తలుపు లోపలివైపు పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. కిస్తీ కట్ అయిన రోజు పాత అంకె కొట్టేసి, ఒకటి తక్కువ చేసి పక్కన రాయడం. ఆదివారం ఫోన్లో ఆయన మొదటి మాట, "ఇంకెన్ని?" అంకె చెప్పి, వారం రోజుల కబుర్లన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేదాన్ని. మిగతా ఆరు రోజులు మాట్లాడే మనిషి లేదు. ఎదురు ఫ్లాట్ వాళ్లిద్దరూ పొద్దున పోతే చీకటి పడ్డాకే తాళం తీసేవాళ్లు. కూరగాయల బండి ఆమెతో పావుకిలో బెండకాయలకు అరగంట బేరమాడేదాన్ని, ధర తగ్గించాలని కాదు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో షిఫ్టు వదిలే వేళ వీధంతా మోటార్ సైకిళ్ల చప్పుడు. ఒకటి మా గేటు దగ్గర ఆగినట్టనిపిస్తే, తెలిసి తెలిసీ బాల్కనీలోకి వెళ్లి చూసేదాన్ని.

బ్యాంకు నుంచి అప్పుడప్పుడు ఇంగ్లీషు ఉత్తరాలు వచ్చేవి. పదో తరగతితో ఆపేసిన చదువు నాది. కిస్తీ ఎంతో రాసిన వరుస వెతికి, అంకె మారలేదని చూసుకుని, మడిచి బీరువాలో పెట్టేదాన్ని.

"వడ్డీలు మస్తు పెరిగినయంటున్నరు," అని ఆయన ఒకసారి ఫోన్లో భయపడ్డాడు.

"మనకేం పెరగలె బావా, గదే కిస్తీ!" అన్నాను గొప్పగా.

అంకె వందకు వచ్చింది. ఆ మాట బ్యాంకు కాగితం మీద కూడా చూసుకుందామని హబ్సిగూడ వెళ్లాను. కౌంటర్లో ఉన్న కోస్తా మేడమ్ కంప్యూటర్ చూసింది.

"నూట ముప్పై మూడు ఉన్నాయమ్మా."

"గట్లెట్లయితది మేడమ్? ఒక్క నెల గూడ తప్పలె!"

"తప్పలేదమ్మా. మీది ఫ్లోటింగ్ కదా. వడ్డీ పెరిగితే మేం కిస్తీ పెంచలేదు, నెలలు పెంచాం. ప్రతి ఉత్తరంలో రాశాం, కిస్తీ కింద వరుసలోనే."

"ఇప్పుడు ఫిక్స్‌డ్‌కు మార్చరా?"

"మారుస్తాం, ఫీజు కట్టాలి. కానీ ఇవాళ్టి రేటే పడుతుంది, మీరు చేరిన నాటిది కాదు. దానికన్నా కిస్తీ కొంచెం పెంచుకోండి, నెలలు తగ్గుతాయి."

ఆదివారం ఫోన్ మోగింది.

"ఇంకెన్ని పిల్లా? నూరేనా? బ్యాగు సదురుకోనా?"

నూరు అంటే చాలు, వచ్చేసేవాడు. కానీ నా నోట్లో ఏ మాటా ఆగదు. నేను చూసిన వరుస, చూడని వరుస, అంతా ఏడుస్తూ చెప్పేశాను.

"నీ ఒక్కదాని తప్పా? సంతకం నేను గూడ పెట్టిన గద," అన్నాడు. "సరే తియ్యి. నిజంగ నూరయినంకనే వస్త."

మర్నాడు బ్యాంకుకు వెళ్లి, కిస్తీ పెంచమని రాసిచ్చాను. నెలకు మూడొందలు. ఎక్కడి నుంచి తెస్తావని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒక్కదానికే వండుకుంటే గ్యాస్ బండ మూడు నెలలు వస్తోంది.